మా సిమెంటు మధ్యలో మట్టి పట్టీ

"కోయిస్తే కోయించమ్మా! ముందు నన్ను ఆ సిమెంటు మీద పడుకోబెట్టి, ఆ మిషనేదో నా మీదుగా నడిపించు!"

"అయ్యో, మిమ్మల్ని కొయ్యడానికా అత్తయ్యగారూ నేను మేస్త్రిని పిలిపించింది? ఒక్క అడుగున్నర వెడల్పండీ. గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా. అంతే."

"అంతేనా? నీ పెళ్ళి పట్టుచీర తీసుకురా. నిలువునా ఒక్క జానెడు కోసేస్తాను. అప్పుడను అంతేనని, చూద్దాం."

"నా చీర మీంచి వాన నీళ్ళు ఇంట్లోకి రావట్లేదు కదండీ."

"వస్తే వచ్చాయి. వానాకాలం అన్నాక నీళ్ళు రావూ? తుడుచుకుంటాం. ఇన్నేళ్ళూ తుడుచుకోలా?"

"తుడిచేది నేనండీ."

ఈ చివరి మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రోజుల్లో నా దగ్గర జవాబు లేకపోవడమంటే వంటింట్లో ఉప్పు లేకపోవడం లాంటిది, మా ఇంట్లో ఎన్నడూ జరగనిది. అందుకే వరండాలో కూర్చున్న మా ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, నాకేమైందోనని తొంగి చూశారు. ఆ రోజులంటే ఏ పూర్వకాలమో అనుకునేరు. నాలుగైదేళ్ళ కిందటి మాట. కానీ నా దృష్టిలో అది నా పడుచుదనమే. అప్పటికి మోకాళ్ళు ఇంకా నా మాట వినేవి. గేటు దగ్గర నిలబడి కేకేస్తే వీధి మలుపులో కూరగాయల బండి ఆగేది. ఇప్పుడు బండి ఆగుతుంది కానీ, నేను గేటు దాకా వెళ్ళేసరికి బెండకాయలన్నీ ముదిరిపోతున్నాయి. కాబట్టి దీన్ని నా పడుచుదనపు ముచ్చట అనుకునే చదవండి.

మాది నూజివీడు. మామిడికాయల వ్యాపారం. మామగారి నాడు పెట్టిన మండీ మా ఆయన చేతికి వచ్చి, ఇప్పుడు మా అబ్బాయి నడుపుతున్నాడు. నేను చదువుకున్నది ఐదో తరగతి. ఆరో తరగతి బడి దూరమని మా నాన్న మాన్పించేశాడు. (అందుచేత నా రాతలో తప్పులు కనపడితే, అవి బడిని దూరంగా కట్టినవాళ్ళ తప్పులని సర్దుకోండి.) చదువు తక్కువైనా పొదుపు నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. మా ఇంట్లో పాత చీర పారెయ్యరు, అది పక్కబొంత అవుతుంది. బొంత పాతదైతే గుమ్మం ముందు పట్టా అవుతుంది. పట్టా చిరిగితే మసిగుడ్డ. మామగారి పాత ఇల్లు పడగొట్టినప్పుడు వీధి వాకిలికి ఉన్న టేకు తలుపులు, రెండు రెక్కలూ, ఎవరికీ ఇవ్వనివ్వకుండా అటక ఎక్కించాను. "వీటికి సరిపడా గుమ్మం ఈ ఇంట్లో లేదు కదే, ఎందుకే?" అని మా ఆయన. "గుమ్మం ఎప్పుడైనా వస్తుంది. టేకు రాదు" అని నేను. పండక్కి అటక దులిపించినప్పుడల్లా ఈ సంభాషణ మళ్ళీ జరుగుతుంది, ఒక్క మాట కూడా మారదు.

ఇక సిమెంటు సంగతి. గేటు నుంచి మెట్ల దాకా పరిచిన ఆ సిమెంటుని నేను పెంచాను. నవ్వకండి. పోసింది మేస్త్రి అయితే అయుండొచ్చు, ఎండలకి పగిలిపోకుండా దాని మీద మట్టితో చిన్న చిన్న మడులు కట్టి, మడి ఆరకుండా పొద్దునా సాయంత్రం బావిలో నీళ్ళు తోడి నింపింది నేను. పోసిన రోజు సాయంత్రమే ఒక వీధికుక్క ఈ మూల నుంచి ఆ మూలకి తాపీగా నడిచి వెళ్ళింది. దాన్ని నేను తిట్టిన తిట్లు దాని పిల్లలకి కూడా తగిలుంటాయి. ఆ అడుగులు సిమెంటులో అలాగే ఉండిపోయాయి. మొదట్లో చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. తరవాత తరవాత ముగ్గు పెట్టేటప్పుడు ఆ అడుగుల్లోకి పిండి పడకుండా పక్కనించి గీసుకుంటూ వెళ్ళడం అలవాటైంది.

ఆ సిమెంటు కారు కోసం వేసిందనుకోకండి. అప్పటికి మాకు కారెక్కడిది? తాండ్ర కోసం వేయించాను. రసాల మామిడిపళ్ళు పిండి, పంచదార కలిపి, ఈతచాప మీద నెయ్యి రాసి పల్చగా ఒక పొర పొయ్యాలి. పైన ఎండ, కింద కాలిన సిమెంటు, రెండువైపులా సెగ తగిలితే సాయంత్రానికి పొర పట్టుకుంటుంది. మర్నాడు పొద్దున దాని మీద ఇంకో పొర. ఆ మర్నాడు మరొకటి. మధ్యలో ఒక్క పొద్దు తప్పిందా, పొరకీ పొరకీ పొత్తు కుదరదు, తాండ్ర రేకులు రేకులుగా ఊడిపోతుంది. బాపులపాడులో ఒక ఆడపడుచు, జి. కొండూరులో ఒక ఆడపడుచు. ఏటా ఇద్దరికీ తాండ్ర వెళ్ళాలి. వెళ్ళకపోతే నేను పోయాననుకుని బయల్దేరి వస్తారు. (వస్తే నాలుగు రోజులుంటారు. తాండ్ర పంపడమే చవక.)

నీళ్ళ గొడవ ఎలా వచ్చిందంటే, మా వీధి రోడ్డు పాడైనప్పుడల్లా దాని మీద ఇంకో రోడ్డు వేసుకుంటూ పోయారు, నేను తాండ్ర పోసినట్టు. పొర మీద పొర పడి వీధి ఎత్తైపోయింది, మా ఇల్లు పల్లమైపోయింది. గట్టి వాన పడితే వీధిలో నీళ్ళు మా గేటు కింద నుంచి దూరి, నున్నటి సిమెంటు మీద జారుకుంటూ వచ్చి, మెట్టెక్కి, హాల్లోకి వచ్చి కూర్చునేవి. కోడలు చీపురూ, బకెట్టూ, నా పాత బొంతలూ పట్టుకుని రాత్రీ పగలూ తోడేది. నేనేమో మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని, "అటు మూలన చూడమ్మా, ఇంకా ఉన్నాయి" అని చెబుతుండేదాన్ని. (నా వంతు సాయం నేనూ చేశానన్నమాట.)

కోడలు మంచి పిల్లే. తను ఇది చదువుతుందని ఇలా రాయడం లేదు. దాని ఫోనులో ఎవరిదో ఇల్లు చూసింది. గేటు నుంచి లోపలి దాకా సిమెంటు, దానికి నిలువునా మధ్యలో పచ్చటి గడ్డి, వాన నీళ్ళన్నీ ఆ పట్టీలోకే ఇంకిపోతున్నాయట. మనకీ అలా చేయిద్దామని మొదలుపెట్టింది. కారుకి అడ్డం రాకుండా గోడ వారన సిమెంటు కోయించి మట్టి నింపుతానంది. గోడ వారన! పొద్దుటి ఎండ మొదట తగిలేదీ, సాయంత్రం చివరిదాకా నిలిచేదీ అక్కడే. నా చాపలు పరుచుకునే చోటు. దాన్ని కోస్తానంటే నా వంటింట్లో పొయ్యి తీసి అక్కడ గులాబీ మొక్క పెడతానన్నట్టు వినిపించింది నాకు. అందుకే ఆ పోట్లాట.

"తుడిచేది నేనండీ" అన్నాక ఇద్దరం మా ఆయన వైపు తిరిగాం. మా ఆయన తీర్పు చెప్పడంలో దిట్ట. నావైపు తిరిగి తల ఊపుతారు, కోడలి వైపు తిరిగి తల ఊపుతారు, ఫ్యాను వైపు కూడా ఊపుతారు. ఆయన వల్ల కాదని నేనే తీర్పు చెప్పాను. "గోడ వార ముట్టుకోవద్దు. అంత పట్టుదలగా ఉంటే నడిమధ్యన కోయించుకో. కారు కింద నూనె చుక్కలు పడి నేనెలాగూ అక్కడ చాప వెయ్యను."

కోడలు మొహం వెలిగింది. "ఫోనులో ఉన్నది కూడా మధ్యలోనేనండీ!" అంది.

ఆ సాయంత్రం మా అబ్బాయి మండీ నుంచి వచ్చాక పెద్ద కొలతల కార్యక్రమం జరిగింది. వాడు కారుని ముందుకీ వెనక్కీ నడిపాడు. కోడలు చక్రాల పక్కనే వంగి వంగి ముగ్గుపిండితో రెండు గీతలు గీసింది. మా ఆయన గేటు దగ్గర నిలబడి "రైట్, రైట్" అన్నారు, ఏది రైటో మాత్రం చెప్పలేదు. నేను మెట్ల మీద నుంచి చూశాను. ఇటు రెండు చక్రాలు, అటు రెండు చక్రాలు, మధ్యలో గీతలు చెక్కు చెదరలేదు. మేస్త్రి కూడా చూసి, "బెమ్మాండంగా ఉందండీ, మొక్కకి చక్రం తగిలే పనే లేదు" అన్నాడు. అందరం తృప్తిగా భోజనాలకి లేచాం. అంతమందిలో ఒక్కరి బుర్రా పనిచెయ్యలేదన్న సంగతి అప్పటికి మాకెవరికీ తెలియదు.

కోసిన రోజు నేను వరండాలో స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఆ మిషను మొదలుపెట్టగానే పళ్ళన్నీ కదిలిపోయాయి (అసలు పళ్ళు, కట్టుడువి కావు). తెల్లటి దుమ్ము లేచి తులసి చెట్టూ, ఆరేసిన బట్టలూ, మా ఆయన కనుబొమలూ ఒకటే రంగైపోయాయి. గీత లాగడం అయ్యాక సుత్తుల్తో పగలగొట్టారు. నేను బిందెలతో నీళ్ళు పోసి పెంచిన సిమెంటు చిప్పలు చిప్పలుగా లేచి వచ్చేస్తుంటే అక్కడే కూలబడ్డాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏమైందండీ, ఎవరికైనా ఒంట్లో బాలేదా?" అనడిగింది, నా మొహం అలా ఉంది మరి. అప్పుడు గుర్తొచ్చి పరుగెత్తాను. "ఆ కుక్క అడుగులు! ఆ కుక్క అడుగులు ఆగండయ్యా!" అని. పనివాళ్ళు సుత్తులు పైకెత్తినవాళ్ళు ఎత్తినట్టే ఆగి, కుక్క ఎక్కడుందా అని చుట్టూ చూశారు. అప్పటికే పట్టీలో పడిన అడుగులు ముక్కలైపోయాయి. ఇటు పక్క నాలుగైదు, అటు పక్క నాలుగైదు మిగిలాయి. చూస్తే ఆ కుక్క నడిచి నడిచి పట్టీ దగ్గరికి రాగానే ఎగిరి అటు దూకి, మళ్ళీ తాపీగా నడిచి వెళ్ళినట్టుంటుంది. దాని తెలివి మా ఇంటిల్లిపాదికీ లేకపోయిందని తరవాత అనుకున్నాను.

(పగిలిన సిమెంటు పెళ్ళలు మేస్త్రిని తీసుకుపోనివ్వలేదు. పెరట్లో బట్టలుతికే రాయి చుట్టూ పరిపించాను. ఇప్పటికీ బురద లేకుండా ఉంది.)

గోతిలో కింద కంకర, దానిపైన ఇసక, ఆపైన ఎర్రమట్టీ, పశువుల ఎరువూ కలిపి నింపారు. అంతవరకూ ఓర్చుకున్నాను. తరవాత ఒక బండి వచ్చింది. అందులో గడ్డి. చాపలు చుట్టినట్టు చుట్టి తెచ్చారు. అది కొన్నారట. గడ్డి! డబ్బులిచ్చి! మా చుట్టుపక్కల తోటల్లో మామిడిచెట్ల కింద గడ్డి పీకడానికి మనుషులకి కూలిస్తాం. ఇక్కడేమో దాన్ని కూలిచ్చి నాటిస్తున్నారు.

"ఏమ్మా, ఇది తింటారా?"

"తినేది కాదండీ అత్తయ్యగారూ, చూసేది."

"చూడ్డానికా?"

"చూడ్డానికీ, నీళ్ళు తాగడానికీనండీ."

"ఆ రెండూ మీ మామగారు చేస్తూనే ఉన్నారుగా, ఇంకా గడ్డెందుకు?"

మా ఆయన పేపరు ఇంకొంచెం పైకి ఎత్తుకున్నారు. నేనూరుకున్నానా? కోడలు స్నానానికి వెళ్ళినప్పుడు గడ్డికీ గడ్డికీ మధ్య సందుల్లో గుప్పెడు మెంతులు చల్లాను. వారం తిరక్కుండా మొలిచాయి. కోడలు చూసింది, ఏమీ అనలేదు. ఒకరోజు పప్పులో మెంతికూర వచ్చింది. నేనూ ఏమీ అనలేదు. రెండోసారి వడ్డించుకున్నాను.

ఇలా ఉండగా రసాల కాలం వచ్చింది. తాండ్రకి కాయలు పంపమని అబ్బాయికి చెప్పాను. ఆ పొద్దున గోడ వారన చాపలు పరిచి, నెయ్యి రాసి, గంగాళం కడిగి, చెంగు బిగించి మెట్ల మీద నిలబడ్డాను. కోడలు అప్పుడే పట్టీకి తృప్తిగా నీళ్ళు పెట్టి లోపలికి వెళ్ళింది. గేటు దగ్గర ట్రాలీ ఆటో ఆగింది. నడిపేవాడిది ముసునూరు. ఏళ్ళ తరబడి మా మండీకి కాయలు తోలుతున్నాడు. ఎప్పుడు పిలిచినా "మెల్లగా వస్తన్నానండీ" అంటాడని మా ఇంట్లో వాడి పేరే 'మెల్లగా' అయిపోయింది. వెనక ట్రేలు ఒకదాని మీదొకటి, వాడి నెత్తి కన్నా ఎత్తుగా.

"అమ్మగారూ, మధ్యలో ఇదేంటండీ?" అన్నాడు గేటు దగ్గర్నుంచే.

"మొక్కలయ్యా. చక్రాలు అటూ ఇటూ పోనిచ్చుకుని లోపలికి రా."

"అటూ ఇటూ అంటే... అది కాదండీ అమ్మగారూ..."

"ఏం కాదు? కారు రోజూ వెళ్ళట్లా? కారు కన్నా నీది లావా? ఎండెక్కిపోతోంది, రా!"

"కారంటే వేరండీ..."

"మాటలు ఆపి రావయ్యా!"

పాపం, పెద్దదాని మాట కాదనలేని మనిషి. వచ్చాడు. గేటు దాటాడు. రెండు మూడు బారలు వచ్చాడు. అంతే, ఆటో ముందుకి వంగి నాకు దణ్ణం పెట్టింది. నిజంగానే. ముందు చక్రం తడి మట్టిలోకి సగానికి దిగిపోయి, మూతి గడ్డికి ఆనించి, వెనక భాగం పైకెత్తి ఒక పక్కకి ఒరిగింది. పైనున్న ట్రేలు ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు ఆగి, తరవాత ఒకదాని వెనక ఒకటి జారాయి. పండిన రసాలు. సిమెంటు మీద పడి బుడగల్లా పగిలాయి. పసుపుపచ్చటి రసం మెట్ల దాకా చిమ్మింది. నా పాదాల మీద పడింది. 'మెల్లగా' మాత్రం హ్యాండిలు పట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే, కాస్త వాలిపోయి ఉన్నాడు.

"నాది మూడు చక్రాలండీ, అమ్మగారూ" అన్నాడు. అంత మెల్లగానూ.

లోపల్నుంచి పరుగెత్తుకొచ్చిన కోడలు గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయింది. మా ఆయన పేపరు చేతిలోంచి జారిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ మూడు చక్రాల బళ్ళ మధ్యే తిరిగిన మనిషి, ఆ ఆటోల సరుకు దించుకునే మమ్మల్నందర్నీ పోషించిన మనిషి, దగ్గరికి వెళ్ళి వంగి చూసి, "అవునే, దీనికి ముందు కూడా ఒకటుంటుంది, నడిమధ్యన" అన్నారు, కొత్త సంగతి కనిపెట్టినట్టు. అబ్బాయికి ఫోను చేస్తే వాడూ "అవును కదూ, మూడు!" అన్నాడు. వాడి ఎదురుగా, మండీ ముందు, అలాంటి ఆటోలు వరసకట్టి నిలబడి ఉంటాయి మరి.

"నే ముందే చెప్పలా" అనే మాట ఎప్పట్నుంచో నాలిక చివర పెట్టుకుని తిరుగుతున్నాను. దాన్ని వాడుకోవడానికి అంతకన్నా మంచి సమయం రాదు. నోరు తెరిచాను. మధ్యలో పెట్టమన్నది నేనేనని సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. మూసేశాను. దానికి బదులు, "చూస్తూ నిలబడతారేంటి? ఈగలు వాలకముందే ఏరండి! చితికినవి ముందు పిండండి!" అని కేకేశాను. అరిటాకులో అన్నం మెతుకు వదిలినా ఊరుకోని దాన్ని, అన్ని రసాలు నేలపాలవుతుంటే ఊరుకుంటానా? వీధిలో వెళ్ళేవాళ్ళు ఇద్దరు వచ్చి ఆటో మూతి ఎత్తి పక్కకి పెట్టారు. తరవాత అందరం ఆ సిమెంటు మీదే గొంతుకూర్చుని, నేనూ, కోడలూ, మా ఆయనా, 'మెల్లగా' కూడా, తొక్క పగిలినా లోపల శుభ్రంగా ఉన్నవి ఏరి గంగాళంలో పిండాం. కోడలు పిండుతూనే ఏడుస్తోంది. మోచేతుల దాకా రసం, చెంపల మీద రసం, కన్నీళ్ళేవో రసమేదో తెలియట్లేదు.

"పూడ్పించేద్దామండీ అత్తయ్యగారూ. నాదే బుద్ధి తక్కువ. రేపు పొద్దున్నే మేస్త్రిని సిమెంటు బస్తా తీసుకుని రమ్మంటాను."

"ఊఁ" అన్నాను.

మధ్యాహ్నానికి మొదటి పొర పోశాం. 'మెల్లగా' చేతులు కడుక్కుని, "రేపటి కాయలు గేటు బయటే దించేస్తానండీ అమ్మగారూ, ఏమనుకోకండి. లోపలికి మాత్రం రాలేను" అని చెప్పి వెళ్ళాడు. వాడు దించి పోతే ఆ ట్రేలు లోపలికి మొయ్యాలి. మా ఆయన నడుము చెంబు నీళ్ళకే పట్టేస్తుంది. మోసేలోపు వీధి ఆవులు ఊరుకుంటాయా? కాయలు లేకపోతే రెండో పొర లేదు. రెండో పొర లేకపోతే ఈ ఏటికి తాండ్ర లేదు. ఈ ఏడు పోయినా, పై ఏటికైనా పూడ్పించేస్తేనే నయం అని నేనూ అనుకున్నాను.

సాయంత్రం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడి గాలి లేచింది. తోటలవాళ్ళ గుండెలు ఆగిపోయే గాలి. చాపలు గబగబా వరండాలోకి లాగేశాం. వాన మొదలైంది, అదీ మామూలు వాన కాదు. నా అలవాటు ప్రకారం యుద్ధానికి సిద్ధమయ్యాను. గుమ్మానికి అడ్డంగా ఇసక సంచులు, పక్కన బొంతలు, బకెట్టు, చేతిలో చీపురు. కుర్చీ వేసుకుని గుమ్మంలోనే కూర్చుని నీళ్ళ కోసం చూడ్డం మొదలుపెట్టాను. గేటు కింద నుంచి వీధి నీళ్ళు ఎర్రగా దూరడం కనపడింది. "వస్తున్నాయి!" అని కేకేశాను. సిమెంటు మీద జారుతూ ముందుకొచ్చాయి. ఇంకా చూశాను. మెట్టు దగ్గరికి రాలేదు. నేను చీపురు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను. రాలేదు. పిలిచిన చుట్టం వేరే ఇంటికి వెళ్ళిపోయినట్టు చిన్నతనంగా కూడా అనిపించింది. చివరికి ఉండబట్టలేక గొడుగు వేసుకుని దిగి చూశాను. నీళ్ళు రెండువైపుల నుంచీ పట్టీ అంచు దాకా వచ్చి, గడ్డిలోకి దిగి, పోతున్నాయి. ఆటో చక్రం చేసిన గుంట నిండుతోంది, తగ్గుతోంది, నిండుతోంది, తగ్గుతోంది.

"ఎక్కడికి పోతున్నాయమ్మా ఇవన్నీ?"

"కిందికండీ."

"కింద ఏముంది?"

"మట్టేగా అత్తయ్యగారూ."

ఇన్నేళ్ళూ ఆ సిమెంటు కింద మట్టి ఉందన్న సంగతి నాకు తెలియదని కాదు. మీద నిలబడ్డానే కానీ తలుచుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే కోడలు మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో టీ గ్లాసు. కాళ్ళు చాపుకుని వాన చూస్తోంది. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి అన్నేళ్ళయింది, వాన పడుతుండగా అది కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు. అప్పటిదాకా నాకు తగిలిన దెబ్బలన్నిట్లోనూ, మిషను, గడ్డి, ఆటో అన్నిట్లోనూ, అదే గట్టిగా తగిలింది. చీపురు గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి వాన వెలిసి, సిమెంటు అప్పటికే ఆరిపోయి ఉంది. మేస్త్రి సైకిలు మీద సిమెంటు బస్తాతో వచ్చాడు. కోడలు కళ్ళు కిందికి దించుకుని పట్టీ చూపిస్తోంది.

"ఆ బస్తా దించకు" అన్నాను.

"మరి పూడ్చాలన్నారుగా అమ్మగారూ?"

"పూడ్చేది లేదు. వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు, అటకెక్కి ఆ తలుపులు కిందికి దించు."

మా ఆయన టీ తాగుతున్నవారు తాగుతున్నట్టే ఆగిపోయారు. టేకు తలుపులు రెండు రెక్కలూ, ఏళ్ళ దుమ్ముతో, కిందికి దిగాయి. మొదటి రెక్క గేటు దగ్గర పట్టీ మీద పరిపించాను, దాని కొసకి ఆనించి రెండోది. సరిగ్గా కుక్క దూకిన చోట రెండూ కలిశాయి. 'మెల్లగా' ఆటోతో వచ్చి గేటు బయట ఆగి, దిగి వచ్చి, తలుపుల మీద ఒకటికి రెండుసార్లు తొక్కి చూసి, "ఆగుతాయంటారా?" అన్నాడు. "మా మామగారు పుట్టకముందు నుంచీ దొంగల్ని ఆపాయి, నీ చక్రాన్ని ఆపలేవా? రా" అన్నాను. ముందు చక్రం తలుపెక్కింది. వెనక చక్రాలు సిమెంటు మీద. ఆటో మొదటి రెక్క దాటి రెండోదాని కొసకి వచ్చి ఆగాక, వెనకది ఎత్తి ముందుకి తెచ్చి పరవాలి. ఒక కొస నేను పట్టుకున్నాను. ఆ బరువు ఆ పొద్దున ఎలా ఎత్తానో, ఇప్పుడు ఆ తలుపుని చూస్తేనే నడుము పట్టేస్తుంది, తలుచుకుంటే నవ్వొస్తుంది. రెండో కొసకి మా ఆయన వచ్చేలోపే కోడలు వచ్చి వంగింది.

"ఇన్నేళ్ళ నుంచీ ఇవి ఎందుకు దాచారండీ అత్తయ్యగారూ?"

"కబుర్లు తరవాత. నీ కొస ఎత్తు, ఆటో ఆగిపోయింది."

ఎత్తింది. ఇద్దరం దాన్ని ముందుకి మోసుకెళ్ళి దించాం, ఆటో దాని మీదకి వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి రెండోది ఎత్తాం. అలా మెట్ల దాకా తీసుకొచ్చాం. ట్రేలు దిగాయి. గోడ వార ఎండ ముదిరేసరికి రెండో పొర పోసేశాం.